గా ఒక్కటేది

ఏసుబాబు సారు బిడ్డను ఒక్కనాడు కూడా కొట్టలేదు. ఈ మాట ఆయనే చెప్తాడు, అడగకపోయినా చెప్తాడు. పెన్‌పహాడ్ హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. చేత బెత్తం పట్టి ఎరగడు, గొంతు లేపి ఎరగడు. తోటి సార్లు సాయంత్రానికి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటే, ఈయన ఇస్త్రీ చొక్కా నలగకుండా బయటికి వస్తాడు. ఆయన క్లాసులో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు. కొట్టే సార్లను పిల్లలు నాలుగేళ్లలో మరిచిపోతారు. ఈయన దగ్గర చదివినవాళ్లు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టాక కూడా, సూర్యాపేట బజార్లో ఈయన ఎదురుపడితే ఒకసారి చొక్కా గుండీలు తడుముకుంటారు.

ఆయన దగ్గరున్నదల్లా ఒక్క ప్రశ్న. వందకు తొంభైతొమ్మిది తెచ్చుకున్న పిల్లవాడు మురిసిపోతూ పేపరు తెస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా, వినేవాళ్లకు ముద్దుగా అడుగుతున్నాడేమో అనిపించేలా అడుగుతాడు.

“గా ఒక్కటేది?”

అంతే. తిట్టు లేదు, పోలిక లేదు, పక్కింటి పిల్లవాడి ముచ్చట లేదు. జవాబు వచ్చేదాకా ముఖంలోకి చూస్తూ ఉంటాడు. ఆ ఒక్క మార్కు ఎటు పోయిందో చెప్పగలిగిన పిల్లవాడు ఇంతవరకు పుట్టలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ ప్రశ్న ఆయన సొంతం కాదు, తండ్రి పిచ్చయ్య దగ్గర్నుంచి వచ్చింది. పిచ్చయ్య చిన్నతనంలో తుంగతుర్తి వైపు ఒక దొర దగ్గర గొర్రెలు కాస్తూ జీతం ఉన్నాడు. పొద్దుగూకి మందను దొడ్లోకి తోలుతుంటే దొర అరుగు మీద నిలబడి లెక్కపెట్టేవాడట. ఒకనాడు ఒక గొర్రె తగ్గింది. “గా ఒక్కటేదిరా?” అన్నాడట దొర. ఆ తర్వాత ఏం జరిగిందో పిచ్చయ్య ఎవరికీ చెప్పలేదు గానీ, ఎండాకాలం బనీను విప్పి కూర్చుంటే వీపు మీది చార ఇంటిల్లిపాదికీ కనబడేది. అక్షరం ముక్క రాని ఆ మనిషి, కొడుకు బడి నుంచి మార్కులు తెచ్చినప్పుడు తనకు తెలిసిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నే ఏసుబాబును టీచరును చేసిందని ఇంట్లో అనుకుంటారు. ఏసుబాబుకైతే అది అనుకోవడం కాదు, రుజువైన సిద్ధాంతం.

దానికి తోడు దేవుడి మద్దతు కూడా దొరికింది. ఒక ఆదివారం చర్చిలో పాస్టరు తప్పిపోయిన గొర్రె సంగతి చెప్తుంటే, ఏసుబాబు బిడ్డ కృప వైపు వంగి, “విన్నవా? తొంభైతొమ్మిది ఉన్నా గా ఒక్కటేదని ప్రభువే పోయిండు” అన్నాడు. కృప అప్పటికి చిన్న క్లాసు. తలూపింది. భార్య కవిత మాత్రం, ప్రభువు గొర్రెను ఎత్తుకొచ్చిండు గని నిలబెట్టి అడగలే అని గొణిగింది. ఆయన వినిపించుకోలేదు.

కృప వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల బడిలో చేరిననాటి నుంచి సూర్యాపేటలోని ఆ ఇంట్లో ఒక తంతు నడిచింది. బిడ్డ మార్కులు చెప్తుంది. తండ్రి గా ఒక్కటేదని అడుగుతాడు. “ఈసారి తెస్తా డాడీ” అని బిడ్డ అంటుంది. ప్రార్థన ముగిశాక ఆమెన్ అన్నట్టు అది దానంతట అదే నోట్లోంచి వచ్చేది. ఎప్పుడైనా నూటికి నూరు వస్తే ఆయన కాసేపు ఇబ్బందిగా చూసి, “ఇది నిలబెట్టుకోవాలె” అనేవాడు. కవిత వండిన కూరకూ అదే మర్యాద. “అన్నీ మంచిగనే ఉన్నయ్ గని...” అని ఆగేవాడు. ఆ ‘గని’ తర్వాత ఏముందో తెలియక ఆమె పెళ్లయిన కొత్తలో రాత్రంతా ఆలోచించేది. తర్వాత్తర్వాత ఆలోచించడం మానేసి ఉప్పు డబ్బా ఆయన ముందర పెట్టి పోయేది. కృప దగ్గర అలాంటి డబ్బా ఏమీ లేదు.

ప్రేమ లేదా అంటే ఉంది, బోలెడుంది. వాన పడితే గొడుగు తీసుకుని బడి గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడేది ఆయనే. స్టాఫ్‌రూములో, మా కృపకు ఒకటీ రెండూ తప్ప పోవు అని చెప్తుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ ముఖం కృప ఎప్పుడూ చూడలేదు. ఇంటికి రాగానే చెప్పులతోపాటు దాన్ని కూడా గడప బయటే విడిచి లోపలికి వచ్చేవాడు. మెచ్చుకుంటే పిల్లలు చెడిపోతారని ఎవరు చెప్పారో గానీ, ఆ చెప్పినవాడిని పట్టుకోవాలి.

పదో తరగతికి కృపను కోదాడలో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చాడు. అక్కడ వారం వారం పరీక్షలు పెడతారు. పెద్ద పరీక్షల మార్కులైతే స్కూలువాళ్లే తల్లిదండ్రుల ఫోనుకు పంపుతారు, ఈ వారం పరీక్షలవి మాత్రం పిల్లలు చెప్తేనే తెలుస్తాయి. ఆదివారం వార్డెన్ ఫోను నుంచి ఒక్కొక్క పిల్ల ఐదు నిమిషాలు ఇంటికి మాట్లాడుకోవచ్చు. ఆ ఐదు నిమిషాలూ ఏసుబాబువే. కవితకు చివర్లో, తిన్నవా బిడ్డా అనేంత సందు దొరికితే గొప్ప. మొదటి పెద్ద పరీక్షలో లెక్కలు ఎనభైఒకటి అని స్కూలు నుంచి వచ్చింది. ఆ ఆదివారం ఆయన అసలు ప్రశ్నే అడగలేదు. ఐదు నిమిషాలూ ఫోను పట్టుకుని ఊరికే ఊపిరి తీశాడు. దాని తర్వాత కృప బాగా పుంజుకుంది. వారం వారం తొంభైఎనిమిది, తొంభైతొమ్మిది. వంద మాత్రం ఎందుకు రావడం లేదో ఆయనకు అంతు పట్టలేదు.

ఒక ఆదివారం ఎప్పట్లాగే ఫోను వచ్చింది. కవిత, తన తల్లి శాంతమ్మకు కంటి ఆపరేషన్ అని మిర్యాలగూడ పోయి ఉంది. ఇంట్లో ఏసుబాబు ఒక్కడే.

“డాడీ, ఒకటి చెప్పాలె” అంది కృప.

ముందు మార్కులు చెప్పమన్నాడు. ఆ పిల్ల కాసేపు ఆగి, లెక్కల్లో తొంభైతొమ్మిది అంది. గా ఒక్కటేది అన్నాడు. ఈసారి తెస్తా డాడీ అంది. ఏ లెక్క తప్పిందో చెప్పమన్నాడు, చెప్పలేకపోయింది. ఏ చాప్టరో కనుక్కోమన్నాడు, ఆ చాప్టరులో ఎక్కడెక్కడ తప్పులు పోతాయో తనే విడమరిచి చెప్పాడు. చెప్తుండగానే వెనక నుంచి వార్డెన్ టైం అయిందనడం వినపడింది. ఫోను పెట్టేశాక ఆయన తృప్తిగా టీ పెట్టుకుని తాగాడు.

రెండు రోజులు గడిచాయి. బడిలో ఉండగా వార్డెన్ రోజా మేడం ఫోను చేసింది. “సార్, కృపకి పొద్దుట్నుంచి వాంతులవుతున్నాయండి. కడుపులో నొప్పంటుంది. ఒకసారి రండి సార్” అంది. ఆయన సెలవు చీటీ రాసి, తన పాత కారులో కోదాడ దారి పట్టాడు. వారంలో పెద్ద పరీక్ష ఉందన్న సంగతి దారిలో ఒకటి రెండుసార్లు గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చినందుకు ఆయనకు అప్పుడు సిగ్గేమీ వేయలేదు.

కృప హాస్టల్ మంచం మీద ఒక పక్కకు ముడుచుకుని పడుకుని ఉంది. తండ్రిని చూడగానే లేచి కూర్చోబోయింది. దగ్గర్లోనే ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. పెద్దవయసు మనిషి, నిదానస్తుడు. కడుపు మీద చెయ్యి వేసి చూసి, “నొప్పి ఎంతుందమ్మా? అసలు లేకపోతే సున్నా అనుకో, ఇంక నావల్ల కాదు అనిపిస్తే పది. పదికి ఎంత?” అని అడిగాడు.

కృప డాక్టరును చూడలేదు, తండ్రిని చూసింది. చూసి, “తొమ్మిది” అంది.

“గా ఒక్కటేది?” అన్నాడు ఏసుబాబు.

అన్నాడు. కావాలని అనలేదు, ఎగతాళికి అనలేదు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్న కన్నబిడ్డను అలా అడిగే మనిషి కాడు ఆయన. తొమ్మిది అని చెవిన పడేసరికి నాలుక తన పని తాను చేసుకుపోయింది.

“ఈసారి తెస్తా డాడీ” అంది కృప.

గదిలో ఎవరూ నవ్వలేదు. డాక్టరు కళ్లద్దాల మీదుగా ఇద్దరినీ ఒకసారి చూసి కాగితం మీదికి వంగాడు. అపెండిక్స్ లాగా ఉందండీ, సూర్యాపేటలో సర్జన్‌కి చూపించండి, ఆలస్యం చేయొద్దు, అంబులెన్స్ పిలిపించమంటారా అని అడిగాడు. బయట కారు ఉందని ఏసుబాబు అన్నాడు. చెవులు వేడెక్కిపోయి ఉన్నాయి. అక్కడి నుంచి ఎంత తొందరగా బయటపడితే అంత బాగుండుననిపించింది.

కృపను వెనక సీట్లో పడుకోబెట్టి, వార్డెన్ ఇచ్చిన దిండు తల కింద పెట్టి బయల్దేరాడు. హైవే మీద లారీలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోయాడు. మూలుగు వినపడుతుంటే ఒక భయం, ఆగిపోతే ఇంకో భయం. “ఇప్పుడెంతున్నది బిడ్డా?” అని అడిగాడు. అద్దంలో కృప కళ్లు ఆయన కళ్ల కోసం వెతికాయి. ఏడు అంది. మునగాల దాటుతుంటే మళ్లీ అడిగాడు. ఐదు అంది. ఇంకొంచెం దూరం పోయాక ఈసారి ఆమే తనంతట తాను చెప్పింది.

“మూడు డాడీ.”

ఏసుబాబు గట్టిగా ఊపిరి వదిలాడు. ఎక్కువైతే సంతోషించడమే తప్ప తక్కువైతే సంతోషించడం ఆ మనిషికి అలవాటు లేదు. కళ్లు తడిశాయి. “చాలు బిడ్డా” అన్నాడు. “మూడు చాలు. మంచిగ చెప్పినవ్.”

చాలు అనే మాట ఆ ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు తప్ప ఎవరూ వినలేదు. కృప కళ్లు మూసుకుంది. ఆమె పెదవుల మీద చిన్న నవ్వు రావడం ఆయన అద్దంలో చూశాడు. ఇన్నేళ్లలో ఒక అంకె చెప్పి బిడ్డ అలా నవ్వడం ఆయన చూడనేలేదు.

మూడే కదా అనుకున్నాక కారు వేగం దానంతట అదే తగ్గింది. ఇంటికి పోయి పడుకోబెట్టి రేపు పొద్దున చూపిస్తే ఏమవుతుంది అన్న ఆలోచన కూడా వచ్చింది. సూర్యాపేట దగ్గర పడుతుండగా మిర్యాలగూడకు ఫోను చేసి కవితకు ఆ మాటే చెప్పాడు. కవిత అప్పటికే బస్టాండులో ఉంది. “మూడైనా ముప్పై అయినా దవాఖానకే తీస్కపో. నేనొస్తున్న” అని పెట్టేసింది. పెళ్లయ్యాక ఆమె ఆయన మాట సగంలో కోయడం అదే మొదటిసారి. అప్పటికి ఆయనకు కోపమే వచ్చింది.

దవాఖానలో సర్జన్ ఒక చిన్నవయసు ఆడడాక్టరు. చేతులు చకచకా ఆడతాయి, మాట కూడా అంతే. కృప కడుపు మీద వేళ్లు ఆనించగానే ఆ పిల్ల రెండు పిడికిళ్లూ బిగించింది. నుదురంతా చెమట పట్టింది.

“ఎంతున్నదమ్మా నొప్పి?”

“మూడు” అంది కృప, తండ్రి వైపు చూసి.

ఎప్పటి నుంచి అని డాక్టరు అడిగింది. పొద్దుటి నుంచి అంది. డాక్టరు ఇంకో చోట నొక్కి వదిలింది. కృప కింది పెదవి పంటి కింద తెల్లగా అయిపోయింది. అయినా మళ్లీ అడిగితే మూడే అంది.

డాక్టరు చెయ్యి తీసి ఏసుబాబు వైపు తిరిగింది. “సార్, పొద్దుటి నుంచే అయితే స్కాన్ చేసి చూసుకుంట పోవచ్చు. అంతకు ముందు నుంచే ఉంటే లోపల పగిలి ఉండొచ్చు, గిప్పుడే కోయాలె. చెయ్యి పెడితే నాకు ఒక తీరు తెలుస్తున్నది, పాప ఇంకో తీరు చెప్తున్నది. మీరు జర బయట నిలబడండ్రి.”

“నేను ఫాదర్‌ని మేడం.”

“అందుకే.”

ఆయన ఆకుపచ్చ పరదా అవతలికి వచ్చి నిలబడ్డాడు. రెండడుగుల దూరం. మధ్యలో ఉతికి ఉతికి పలచబడ్డ గుడ్డ. లోపల ఏదో ట్రే చప్పుడైంది. తర్వాత కృప గొంతు వినపడింది, నర్సు పుష్పాబాయిని అడుగుతోంది.

“డాడీ పోయిండా?”

పోయిండు బిడ్డా అంది పుష్పాబాయి. పరదా కింద ఆయన చెప్పులు ఆమెకు కనబడుతూనే ఉండి ఉంటాయి.

అప్పుడు వినిపించింది ఏడుపు. అరిచే ఏడుపు కాదు. పట్టి పట్టి ఉంచుకున్నది ఒక్కసారి వదిలితే వచ్చేది. “పది” అంది కృప. “పది మేడం. తగ్గలే. ఎప్పుడు తగ్గలే.”

“ఎప్పటి నుంచమ్మా?”

“ఆదివారం పొద్దుగాల నుంచి. ఫోన్ల చెప్దామనుకున్న.”

“మరి నాకు మూడని ఎందుకు చెప్పినవ్?”

జవాబులో ఫిర్యాదేమీ లేదు, ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది.

“మూడంటే డాడీ చాలన్నడు.”

ఏసుబాబు గోడకు ఆనుకున్నాడు. డాడీ, ఒకటి చెప్పాలె. ఆదివారం ఆ పిల్ల మొట్టమొదట అన్న మాట అదే. ఆయన విన్నాడు కూడా. విని, ముందు మార్కులు చెప్పమన్నాడు. ఒక్క మార్కు కోసం ఐదు నిమిషాలూ ఖర్చు పెట్టాడు. ఆ పిల్ల కడుపులో మంట పెట్టుకుని, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఆయన చాప్టరు విడమరిచి చెప్తుంటే ఊ కొట్టింది. ఆ తర్వాత తను కూర్చుని తృప్తిగా తాగిన టీ గుర్తుకు వచ్చింది.

పరదా జరిగింది. మంచం చక్రాల మీద బయటికి వచ్చింది. కృప తండ్రిని అక్కడే చూసి కళ్లు పెద్దవి చేసింది. దొరికిపోయిన దొంగ చూసినట్టు చూసింది. అంత నొప్పిలోనూ ఆ పిల్లకు భయం వేసింది నొప్పికి కాదు. ఆ చూపు ఏసుబాబు బతికినన్నాళ్లూ మరిచిపోడు.

ఆపరేషన్ జరుగుతుండగానే కవిత వచ్చింది. ఏమైందని అడిగితే ఆయన ఏమీ దాచలేదు. తొమ్మిది సంగతి, మూడు సంగతి, పరదా సంగతి అన్నీ చెప్పాడు. చెప్తున్నంతసేపూ, తిడుతుంది, తిడితే బాగుండు అనుకున్నాడు. కవిత తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయనకు దూరంగా ఇంకో కుర్చీలో కూర్చుంది.

“ఇన్నేండ్లు గా ఒక్కటేది గా ఒక్కటేది అని అడిగితివి” అంది చాలాసేపటికి. “మనకున్నదే ఒక్కటి. అది లోపల ఉన్నది.”

డాక్టరు బయటికి వచ్చి, లోపల పగిలిందని చెప్పింది. కడిగి శుభ్రం చేశామని, జ్వరం దిగేదాకా ఏమీ అనలేమని, ఇంకాస్త ఆలస్యమైతే తన చేతిలో కూడా ఉండేది కాదని చెప్పింది. ఇంటికి పోదామనుకున్న ఆలోచన ఏసుబాబు డాక్టరుకు చెప్పలేదు. కవితకు తెలుసు. ఆమె కూడా దాని గురించి ఎత్తలేదు.

జ్వరం దిగడానికి చాలా రోజులే పట్టింది. ఆ రోజుల్లోనే తుంగతుర్తి నుంచి పిచ్చయ్య వచ్చాడు. మనవరాలి కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, వరండాలోకి వచ్చి కొడుకు పక్కన బెంచీ మీద చేరాడు. ముసలాయనకు చెవులు సరిగా వినపడవు. ఏసుబాబు వంగి, ఎప్పుడూ అడగని మాట అడిగాడు. ఆ రోజు దొర అడిగిన గొర్రె దొరికిందా నాయినా అని.

“దొరకలే” అన్నాడు పిచ్చయ్య. “గని ఆ దెబ్బతోని నాకు తెలివొచ్చింది. మల్లెప్పుడన్న తక్కువైతే పక్కోని మందలకెల్లి ఒకటి తోలుకొచ్చి కలిపేటోణ్ణి. దొరకు లెక్క గావాలె గని గొర్రె గాదు గద.”

చెప్పి బోసినోటితో నవ్వాడు. అరవై ఏళ్ల నాటి తెలివితేటలు తలుచుకుని ముచ్చటపడ్డాడు. ఏసుబాబుకు నవ్వు రాలేదు. ఆ మాట ఆయన లోపల ఎక్కడో తట్టుకుని అక్కడే ఉండిపోయింది.

రోజూ పొద్దున పుష్పాబాయి వచ్చి నొప్పి ఎంతుందని కృపను అడిగి రాసుకుని పోతుంది. ఆమె గుమ్మంలోకి రాగానే ఏసుబాబు లేచి బయటికి పోతాడు. ఎవరూ పొమ్మనలేదు. తను ఎదురుగా ఉంటే బిడ్డ నోట నిజమైన అంకె రాదని ఆయనకు తెలుసు. వరండాలో నిలబడి, ఇవ్వాళ ఎంత చెప్పి ఉంటుందా అని ఆలోచిస్తాడు. పుష్పాబాయి బయటికి వచ్చాక అడగాలనిపిస్తుంది, అడగడు. పాతికేళ్లుగా ఊరి పిల్లలందరి లెక్కలు దిద్దిన మనిషి, సొంత బిడ్డ నొప్పి ఎంతో తెలియక గోడలు చూస్తూ నిలబడతాడు.

ఒకరోజు అలాగే లేచాడు. కవిత పళ్లు కొనడానికి కిందికి పోయి ఉంది.

“ఉండు డాడీ” అంది కృప.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎంత బిడ్డా అని పుష్పాబాయి అడిగింది. కృప తండ్రి వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ, ఆరు అంది. పుష్పాబాయి రాసుకుని పోయింది. ఆరు నిజమేనా అని ఏసుబాబుకు నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆ పిల్ల మార్చేస్తుంది. మింగేశాడు.

“డాడీ, ఒకటి చెప్పాలె.”

“చెప్పు బిడ్డా.”

దుప్పటి అంచు పట్టుకుని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. ఆయన ఊపిరి కూడా మెల్లగా తీశాడు.

“ఆ ఆదివారం లెక్కల్ల తొంభైతొమ్మిది రాలే. డెబ్బైరెండు వచ్చింది.” మడత విప్పి మళ్లీ పెట్టింది. “ముందుగాల వారాలయి గూడ అంతే. ఎప్పుడు తొంభై దాటలే. వంద అంటే నువ్వు నమ్మవని, తొంభైతొమ్మిది చెప్పిన. నువ్వు అడగనీకి ఒకటి ఉంచిన.”

స్టాఫ్‌రూములో మా కృపకు ఒకటీ రెండూ తప్ప పోవని చెప్పిన రోజులన్నీ ఏసుబాబు కళ్ల ముందు తిరిగాయి. పక్కవాడి మందలోంచి తోలుకొచ్చిన గొర్రెలు. వారం వారం లెక్క సరిపోయింది. గొర్రె ఎటు పోయిందో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఇంత జరిగాక కూడా, డెబ్బైరెండు వినపడగానే ఆయన బుర్ర దానంతట అదే వందలోంచి తీసివేసి, ఇరవైఎనిమిది అని జవాబు తెచ్చి పెట్టింది. దాన్ని చూసి ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కృప చెయ్యి పట్టుకోబోయాడు. సూది ఉన్న చెయ్యి. ఆగి, దుప్పటి మీద చెయ్యి ఆనించాడు.

“మంచిది బిడ్డా” అన్నాడు. “చెప్పినవ్. మంచిది.”

కృప అప్పుడు కిటికీ మీంచి చూపు తిప్పింది. ఆయన పెదవుల వైపు చూసింది. చూస్తూనే ఉంది, ఇంకా ఆ ప్రశ్న అడగలేదేమని.